దేవదూతకు దేహం ఎవరిచ్చారు?

దేవదూత బొమ్మ గియ్యమంటే చిన్నపిల్లలు కూడా తడుముకోరు. తెల్లటి అంగీ, వీపున రెండు రెక్కలు, తల చుట్టూ వెలుగు. అంతే, బొమ్మ అయిపోతుంది. ఈ రూపానికి ఆధారం ఎక్కడుందని గ్రంథాల్లో వెతికితే మాత్రం సరిగ్గా ఇలాంటిది దొరకదు. బైబిల్ ఆదికాండంలో అబ్రాహాము ఎండవేళ గుడారం గుమ్మంలో కూర్చుని ఉంటే ముగ్గురు మనుషులు కనిపిస్తారు. ఆయన పరుగున ఎదురెళ్లి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెప్పించి, చెట్టు కింద కూర్చోబెట్టి భోజనం పెడతాడు. రెక్కల ఊసే లేదు. చూడ్డానికి వాళ్లు దారిన పోయే బాటసారులే. యెహెజ్కేలు ప్రవక్త చూసింది దీనికి పూర్తిగా భిన్నం. ఒక్కో జీవికి నాలుగు ముఖాలు: మనిషిది, సింహానిది, ఎద్దుది, గద్దది. నాలుగేసి రెక్కలు. పక్కనే చక్రంలో చక్రం, ఆ చక్రాల అంచుల నిండా కళ్లు.

మొదటిది గియ్యడం తేలికే గానీ, గీస్తే అది దేవదూత అని ఎవరూ గుర్తుపట్టరు. రెండోది ఇట్టే గుర్తుపడతారు గానీ, దాన్ని గియ్యడమే గగనం. చిత్రకారులు శతాబ్దాలుగా ఈ రెంటి మధ్యే నలిగారు. దేవదూతకు సొంత దేహం లేదని చాలామంది మత పండితులు చెబుతూ వచ్చారు. దేహం లేనిదాన్ని కంటికి చూపించాలంటే దాన్ని ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోక తప్పదు. ఎవరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారని అడుగుతూ చూస్తే, అంతవరకూ ఒకేలా కనిపించిన బొమ్మలు ఒక్కొక్కటి ఒక్కో కథ చెప్పడం మొదలుపెడతాయి.

రెక్కలు ఆలస్యంగా వచ్చాయి

రోమ్‌లో ప్రిసిల్లా పేరుతో భూగర్భ సమాధుల సముదాయం ఒకటి ఉంది. 2, 3 శతాబ్దాల నాటిదని చెప్పే ఒక బొమ్మ అక్కడ పైకప్పు మీద కనిపిస్తుంది. ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఎదురుగా ఒక యువకుడు నిలబడి, చెయ్యి చాచి ఏదో చెబుతున్నాడు. క్రీస్తు పుట్టబోతున్నాడని గబ్రియేలు అనే దేవదూత ఆయన తల్లి మరియకు కబురు చెబుతున్న దృశ్యమే ఇదని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే, మనకు మిగిలిన దేవదూతల బొమ్మల్లో అతి పాతవాటిలో ఇదొకటి. ఇందులో గబ్రియేలుకు రెక్కలు లేవు. ఒంటి మీద ఉన్నది ఆనాటి రోమన్లు కట్టుకునే మామూలు వస్త్రమే.

రెక్కలు పెట్టడం చేతకాక మానేశారా అంటే కాదు. ఆ కాలంలో రోమన్ ప్రపంచమంతా రెక్కల బొమ్మలే. గ్రీకులు నైకీ అనీ రోమన్లు విక్టోరియా అనీ కొలిచిన విజయదేవత నాణేల మీద, తోరణాల మీద, శవపేటికల మీద ఎక్కడ చూసినా రెక్కలు విప్పుకుని కనిపించేది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో మెట్ల పైన నిలబెట్టిన సామొత్రేస్ విజయదేవత విగ్రహం క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దానిది. తల లేదు, చేతులు లేవు. అయినా ఆ రెక్కల్ని చూస్తే ఎదురుగాలి మన ముఖానికే కొట్టినట్టుంటుంది. అలాంటి బలమైన బొమ్మలు చుట్టూ ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన క్రైస్తవులు తమ దేవదూతకు రెక్కలు తగిలిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? పాత దేవతే అనుకుంటారు. అందుకే చాలాకాలం రెక్కల జోలికి పోలేదని కళాచరిత్రకారులు చెబుతారు. నాకూ ఇదే సబబుగా తోస్తుంది.

4వ శతాబ్దం చివరికి కథ మారింది. క్రైస్తవం సామ్రాజ్యపు మతమైంది, పాత దేవతల గుళ్లు మూతబడడం మొదలైంది. ఇక పొరబడతారన్న భయం తగ్గింది. ఇస్తాంబుల్‌లో బయటపడిన పాలరాతి శవపేటిక ఒకటి సరిగ్గా ఈ మలుపు దగ్గరిది. రాజకుటుంబంలోని పసిబిడ్డదై ఉండొచ్చని దానికి యువరాజు శవపేటిక అని పేరు వచ్చింది. దాని మీద రెక్కలున్న ఇద్దరు యువకులు గాలిలో తేలుతూ, క్రీస్తు పేరు గుర్తున్న దండను చెరోవైపు పట్టుకుని ఉంటారు. పాత శవపేటికల మీద విజయదేవతలు డాలునో చనిపోయినవారి ముఖచిత్రాన్నో పట్టుకునే భంగిమ ఇదే. భంగిమ అలాగే ఉంది. ఆడమనిషి స్థానంలో మగవాడు, డాలు స్థానంలో క్రీస్తు గుర్తు వచ్చాయి.

రోమ్‌లోని సాంతా మరియా మజోరే చర్చిలో 432, 440 మధ్య వేసిన మొజాయిక్‌లలో, అంటే రంగు ముక్కలు పొదిగి చేసిన బొమ్మల్లో, పాతా కొత్తా పక్కపక్కనే ఉన్నాయి. అబ్రాహాము ఇంటికి వచ్చిన ముగ్గురికీ అక్కడ రెక్కలు లేవు, తల చుట్టూ వెలుగు మాత్రమే ఉంది. అదే చర్చిలో పెద్ద తోరణం మీద గబ్రియేలు రెక్కలతో ఆకాశం నుంచి దిగి వస్తుంటాడు. ఆ తర్వాత రెక్కలదే రాజ్యం. కారణం భక్తి కన్నా అవసరమేనని నా నమ్మకం. వెలుగు వలయం క్రీస్తుకూ పెట్టారు, తర్వాత్తర్వాత సాధువులకూ పెట్టారు. పొడుగు అంగీ అందరికీ ఉంది. గుంపులో దేవదూత ఎవరో దూరం నుంచి చూసేవాడికి తెలియాలంటే ఇంకేదో గుర్తు కావాలి. రెక్కలు ఆ పని చేశాయి.

ఎగరడాన్ని చూపించడానికైతే రెక్కలే అక్కర్లేదు. అజంతా 17వ గుహలో మేఘాల మధ్య సాగిపోయే ఇంద్రుడికీ అప్సరసలకూ రెక్కలు లేవు. వంగిన మోకాలు, పక్కకు ఊగిన హారాలు చూడగానే వాళ్లు గాలిలో ఉన్నారని అర్థమైపోతుంది. చైనాలో దున్‌హువాంగ్ గుహల్లో తేలే దేవతలకు పొడుగాటి పట్టు పట్టీలే ఆధారం. పడమటి కళ రెక్కలు ఎంచుకుంది. దాంతోపాటే ఒక చిక్కునూ నెత్తిన పెట్టుకుంది. మనిషి వీపుకు పక్షి రెక్క ఎక్కడ అతుకుతుంది, దాన్ని ఆడించే కండ ఎక్కడుంటుంది? లియొనార్డో డా విన్సి పక్షుల్ని కళ్లప్పగించి చూసినవాడు. ఇంచుమించు 1472లో ఆయన వేసిన మరియ, గబ్రియేలుల చిత్రం ఫ్లోరెన్స్‌లో ఉఫీత్సీ మ్యూజియంలో ఉంది. అందులో గబ్రియేలుకు నిజమైన పక్షి రెక్కల్లాంటి పొట్టి రెక్కలే పెట్టాడు. తర్వాత ఎవరికో అవి మరీ చిన్నవిగా అనిపించాయి కాబోలు, పైన రంగు వేసి పొడుగు చేసేశారు. జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1926లో ఒక లెక్క చెప్పాడు: మనిషంత దేవదూత పక్షిలా ఎగరాలంటే, రెక్కలు ఆడించే కండలు పట్టడానికి రొమ్ము నాలుగు అడుగులు ముందుకు పొడుచుకు రావాలి, బరువు తగ్గడానికి కాళ్లు పుల్లల్లా సన్నబడాలి. అలాంటి దేవదూతను ఏ చిత్రకారుడూ గియ్యలేదు. ఎవరూ అడగనూ లేదు.

కొలువు బట్టలు

బైజాంటియన్, అంటే తూర్పు రోమన్, చక్రవర్తుల కాలంలో మిఖాయేలు, గబ్రియేలు దర్బారు దుస్తుల్లోకి మారిపోయారు. రత్నాలు పొదిగిన వెడల్పాటి పట్టా ఒంటికి చుట్టుకుని, చేతిలో దండం, గోళం పట్టుకుని, గడ్డం లేని నున్నటి ముఖాలతో సింహాసనం పక్కన కదలకుండా నిలబడతారు. కాన్‌స్టాంటినోపుల్ రాజభవనంలో చక్రవర్తి చుట్టూ గడ్డాల్లేని నపుంసక అధికారులు ఉండేవాళ్లు. రాజుగారి కబురు బయటికి తెచ్చేదీ, బయటివాళ్లను రాజుగారి దగ్గరికి తీసుకెళ్లేదీ వాళ్లే. స్వర్గం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. రాజభవనం ఎలా ఉంటుందో మాత్రం చిత్రకారుడికి తెలుసు.

ఇంచుమించు 500 ప్రాంతంలో డయొనీసియస్ పేరు పెట్టుకున్న ఒక రచయిత దేవదూతలకు తొమ్మిది అంతస్తులు నిర్ణయించాడు. పై అంతస్తున సెరాపులు, కెరూబులు. అట్టడుగున మనకు తెలిసిన మామూలు దేవదూతలు. మధ్యయుగాల చిత్రకారులకు ఈ వరస రంగుల పట్టికలా అక్కరకొచ్చింది: సెరాపులకు మంట రంగు ఎరుపు, కెరూబులకు నీలం. 1450ల్లో ఫ్రెంచి చిత్రకారుడు ఝాన్ ఫూకే మరియ చుట్టూ మొత్తం ఎర్రగా కొందరినీ, మొత్తం నీలంగా కొందరినీ వేశాడు. ఒళ్లూ ముఖమూ రెక్కలూ అన్నీ ఒకే రంగు. ఆంట్‌వెర్ప్‌లో ఉన్న ఆ చిత్రం నిన్న మొన్న వేసినట్టుంటుంది.

యెషయా ప్రవక్త చెప్పిన సెరాపులకు ఆరు రెక్కలు. రెంటితో ముఖం, రెంటితో కాళ్లు కప్పుకుని మిగతా రెంటితో ఎగురుతారు. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా గోపురం కింద నాలుగు మూలల్లో ఇలాంటి రూపాలు ఉన్నాయి. 1840ల్లో భవనం బాగు చేసినప్పుడు వాటి ముఖాల మీద లోహపు మూతలు బిగించారు. 2009లో ఒక మూత తీస్తే కింద ముఖం చెక్కుచెదరకుండా బయటపడింది. చుట్టూ ఈకల సుడి, నడుమ నిబ్బరంగా చూసే ఒక మనిషి ముఖం. యెహెజ్కేలు చూపులో ఉన్న భయం కొంతైనా పట్టుకున్న రూపం ఇదేననిపిస్తుంది.

15వ శతాబ్దం తొలినాళ్లలో రష్యాలో అంద్రేయ్ రుబ్లేవ్ మళ్లీ అబ్రాహాము అతిథుల దగ్గరికే వెళ్లాడు. అప్పటిదాకా ఆ దృశ్యంలో అబ్రాహాము, శారా, వండిన దూడ, వడ్డించిన గిన్నెలు అన్నీ ఉండేవి. రుబ్లేవ్ వాళ్లందర్నీ తీసేశాడు. ఒక బల్ల, ఒక పాత్ర, చుట్టూ ముగ్గురు. ముగ్గురి ముఖాలూ ఇంచుమించు ఒక్కటే. తేడా అంతా బట్టల రంగుల్లో, తల వంచిన తీరులో ఉంది. రెక్కలు ఒకదానికొకటి తగులుతూ వెనక గోడలా నిలబడతాయి. ఎగరడం సంగతి అక్కడ ఎవరికీ గుర్తుకు రాదు. బల్లకు ముందువైపు ఖాళీగా ఉంచాడు, చూసేవాడు అక్కడికొచ్చి నిలబడేలా.

ఏడ్చేవాళ్లు, పాడేవాళ్లు, లెక్కపెట్టేవాళ్లు

దర్బారులో శిలల్లా నిలబడ్డ దేవదూతలకు ఇటలీలో జొట్టో ఏడుపు నేర్పాడు. పాదువా నగరంలో ఆయన 1305 ప్రాంతంలో పూర్తి చేసిన ప్రార్థనా మందిరంలో, క్రీస్తు శవం చుట్టూ మనుషులు కూర్చుని ఏడుస్తున్న దృశ్యం ఉంది. పైన ఆకాశంలో పిట్టలంత దేవదూతలు. ఒకరు చేతులు బార్లా చాచి అరుస్తుంటారు, ఒకరు చెంపలు పట్టుకుంటారు, ఒకరు బట్టతో ముఖం తుడుచుకుంటారు. నడుము కింద వాళ్ల దేహాలు పొగలా కరిగిపోతాయి. దేహం లేనివాళ్లు దుఃఖం ఉన్నంత మేరకే దేహం తెచ్చుకున్నట్టుంటుంది.

యాన్ వాన్ ఐక్ ఇంకో దారి పట్టాడు. 1432లో పూర్తయిన, గెంట్ నగరపు చర్చిలో పూజాపీఠం కోసం వేసిన చిత్రాల్లో పాడే దేవదూతలకు ఆయన రెక్కలే పెట్టలేదు. బరువైన జరీ అంగీలు తొడుక్కుని, పుస్తకం స్టాండు చుట్టూ గుమిగూడి, కనుబొమలు ముడేసి, నోళ్లు వంకరపోయేలా పాడుతుంటారు. ఎవరిది హెచ్చు స్థాయో ఎవరిది మంద్రమో ఆ ముఖాలు చూసి చెప్పొచ్చని పాత రచయితలు మెచ్చుకున్నారు. పాట పాడటం ఒళ్లు అలిసే పని అని తెలిసినవాడు వేసిన బొమ్మ అది. కొన్నాళ్లకే ఆయన వేసిన మరో చిత్రం ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అక్కడి గబ్రియేలుకు ఇంద్రధనుస్సు రంగుల రెక్కలు, తలమీద కిరీటం, పెదాల మీద చిరునవ్వు. గబ్రియేలు పలికిన లాటిన్ మాటలు బంగారు అక్షరాల్లో మరియ వైపు సాగుతాయి. మరియ ఇచ్చిన జవాబు మాత్రం తలకిందులుగా రాసి ఉంటుంది. ఆ జవాబు వినాల్సినవాడు పైన ఉన్నాడు కాబట్టి, పై నుంచి చదువుకోవడానికి వీలుగా అన్నమాట. ఈ ఒక్క వివరం కోసమే ఆ చిత్రం ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు.

మైకెలాంజెలో 1536 నుంచి 1541 దాకా సిస్టీన్ చాపెల్ గోడ మీద అంతిమ తీర్పు వేశాడు. అందులోనూ రెక్కలు లేవు, వెలుగు వలయాలూ లేవు. బూరలూదేవాళ్లంతా కండలు తిరిగిన మగవాళ్లు. ఇద్దరు పుస్తకాలు విప్పి పట్టుకుంటారు: రక్షణ పొందినవాళ్ల జాబితా చిన్నది, నరకానికి పోయేవాళ్లది పెద్దది. దేహాన్ని మించిన దివ్యత్వం మైకెలాంజెలోకు కనిపించలేదు. చర్చి పెద్దలకు ఇది మింగుడుపడలేదు. 1564లో గిలియో అనే మతాధికారి ఈ చిత్రం తప్పులు ఎంచుతూ, రెక్కల్లేని దేవదూతల్నీ ఆ లెక్కలో వేశాడు. వెయ్యేళ్ల కిందట లేకపోయినా ఫర్వాలేదనుకున్న రెక్కలు అప్పటికి నియమమైపోయాయి.

బొద్దు పిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాళ్లు రోమన్ మన్మథుడి బొమ్మల నుంచి వచ్చారు. 15వ శతాబ్దంలో ఇటలీ శిల్పులు వాళ్లను చర్చిల్లోకి తెచ్చారు. రాఫెల్ 1512 ప్రాంతంలో వేసిన సిస్టీన్ మడోన్నా చిత్రంలో అడుగున గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకి చూసే ఇద్దరు పిల్లలు ఇప్పుడు కప్పుల మీదా గ్రీటింగ్ కార్డుల మీదా ప్రపంచమంతా తిరుగుతున్నారు. డ్రెస్డెన్‌లో అసలు చిత్రం చూస్తే వాళ్లు చాలా చిన్న భాగం. కోసి విడిగా అమ్మడం వల్ల, వాళ్లు పైకి చూస్తున్నది ఎవరినో కూడా జనం మరిచిపోయారు. ఇది ఆ చిత్రానికి జరిగిన అన్యాయమే.

కరవాజియో దగ్గర ఆగాలి. 1602లో రోమ్‌లోని సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చి కోసం ఆయన సువార్త రాస్తున్న మత్తయిని రెండుసార్లు వేయాల్సి వచ్చింది. మొదటి చిత్రంలో మత్తయి బట్టతల ముసలివాడు. కాలు మీద కాలేసుకుని కుర్చీలో కూర్చున్నాడు, మట్టి పాదం చూసేవాడి ముఖం మీదకే వస్తుంది. అక్షరాలు కొత్తగా నేర్చుకునేవాడిలా కళ్లు పెద్దవి చేసుకుని కాగితం వైపు చూస్తుంటాడు. దేవదూత ఒక లేత యువకుడు, పక్కన ఆనుకుని నిలబడి, మత్తయి చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నాడు. దైవప్రేరణ అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన బొమ్మ ఇంకోటి నేను చూడలేదు. చర్చివాళ్లు వద్దన్నారు. సువార్త రాసిన మహనీయుడు చదువురాని రైతులా ఉండటం, దేవదూత మరీ అంత దగ్గరగా ఉండటం వాళ్లకు నచ్చలేదని చెబుతారు. జుస్తినియాని అనే సంపన్నుడు దాన్ని కొనుక్కున్నాడు. తర్వాత అది బెర్లిన్ చేరి, 1945లో యుద్ధం చివర అక్కడి మంటల్లో కాలిపోయింది. ఇప్పుడు మనకున్నవి నలుపు తెలుపు ఫొటోలే.

ఇప్పుడు చర్చిలో ఉన్న రెండో చిత్రంలో మత్తయి పండితుడిలా హుందాగా ఉంటాడు. దేవదూత పై నుంచి, సుళ్లు తిరిగిన తెల్ల బట్టలోంచి తలకిందులుగా దిగుతూ వేళ్లు మడిచి లెక్క చెబుతుంటాడు. ఎందుకు లెక్క? మత్తయి సువార్త క్రీస్తు వంశావళితో మొదలవుతుంది. అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను అంటూ తరాలు వరసగా చెప్పుకుపోవాలి, ఒక్కటీ తప్పకూడదు. చర్చి అడిగిన దూరం పాటిస్తూనే కరవాజియో దేవదూతకు గుమాస్తా పని అప్పజెప్పాడు. మత్తయి మోకాలు ఆన్చిన స్టూలు కాలు ఒకటి అంచు దాటి కిందికి జారుతోంది. హుందాతనం అంతా ఎంత పలచటి ఆధారం మీద నిలబడిందో ఆ స్టూలు చెబుతుంది.

మరికొన్ని దారులు

ఖురాన్‌లో దేవదూతలకు రెండేసి, మూడేసి, నాలుగేసి రెక్కలున్నాయని స్పష్టంగా ఉంది. కాబట్టి ఇస్లామీ చిత్రకారులకు రెక్కల విషయంలో సంకోచం లేదు. 13వ శతాబ్దంలో ఖజ్వీనీ సృష్టిలోని వింతల మీద ఒక గ్రంథం రాశాడు. ఆయన బతికుండగానే 1280లో ఇరాక్‌లోని వాసిత్‌లో తయారైన బొమ్మల ప్రతి ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. అక్కడ దేవదూతలు గ్రహాల తర్వాత, జంతువుల ముందు, సృష్టిలో ఒక తరగతిగా వస్తారు. ముహమ్మద్ ప్రవక్త స్వర్గయాత్రను చెప్పే మిరాజ్‌నామాకు 1436 ప్రాంతంలో హెరాత్‌లో తయారైన ప్రతిలో సగం ఒళ్లు నిప్పు, సగం మంచు అయిన దేవదూత ఉన్నాడు. నిప్పు మంచును కరిగించదు, మంచు నిప్పును ఆర్పదు. డెబ్భై తలల దేవదూతా ఉన్నాడు. పడమటి కళ మనిషి రూపంలోకి దించేసిన ఆశ్చర్యాన్ని ఈ బొమ్మలు వదులుకోలేదు. పారసీక చిత్రాల్లో రెక్కల మీద ఒక్కో ఈకకూ ఒక్కో రంగు అద్దిన ఓపిక చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

1580లో జెసూట్ పాదిరీలు అక్బరు దర్బారుకు ముద్రిత బొమ్మలున్న బైబిల్ తెచ్చారు. ఒక తరం తిరిగేసరికి జహంగీరు చిత్రాల్లో యూరప్ బొద్దు పిల్లలు ఎగరడం మొదలుపెట్టారు. బిచిత్ర్ వేసిన ప్రసిద్ధ చిత్రంలో జహంగీరు ఇసుక గడియారం మీద కూర్చుని, రాజుల్ని పక్కనపెట్టి ఒక సూఫీ పెద్దకు పుస్తకం అందిస్తుంటాడు. కింద ఇద్దరు రెక్కల పిల్లలు గడియారం మీద, పాదుషా వెయ్యేళ్లు ఏలాలని రాస్తున్నారు. లోపల ఇసుక మాత్రం అప్పటికే చాలావరకు కిందికి జారిపోయింది. ఈ రాకపోకలు ఒకవైపే సాగలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న రెంబ్రాంట్ చేతికి మొఘల్ చిత్రాలు వచ్చాయి. ఆయన వాటిని ఇరవైకి పైగా రేఖాచిత్రాలుగా నకలు దించుకున్నాడు. ఒకదాంట్లో నలుగురు ముసలి పెద్దలు చెట్టు కింద చాప మీద కూర్చుని ఉంటారు. 1656లో ఆయన రాగి రేకు మీద గీసి అచ్చు తీసిన అబ్రాహాము అతిథుల ఎచింగ్‌లో అదే కూర్పు కనిపిస్తుంది. అతిథులు నేల మీద చాపేసుకుని కూర్చున్నారు, అబ్రాహాము వంగి వడ్డిస్తున్నాడు. తూర్పున జరిగిన కథకు తూర్పు కూర్చునే తీరే సరైనదని రెంబ్రాంట్ గ్రహించాడు.

దక్షిణ అమెరికాలో జరిగినది మరీ విచిత్రం. 17వ శతాబ్దంలో పెరూ, బొలీవియా పర్వత ప్రాంతాల చిత్రకారులు దేవదూతల చేతికి తుపాకులిచ్చారు. ఈకల టోపీ, జరీ చొక్కా, లేసు, పట్టు మేజోళ్లు, అంటే స్పానిష్ దొరల వేషం. ఒకరు మందు దట్టిస్తుంటారు, ఒకరు గురి చూస్తుంటారు. ఆ భంగిమలు 1607లో అచ్చయిన డచ్ సైనిక శిక్షణ బొమ్మల నుంచి వచ్చాయని చెబుతారు. బైబిల్‌లో లేని దేవదూతల పేర్లు వాడొద్దని రోమ్ 745లోనే కట్టడి చేసింది. ఆండీస్ కొండల్లో మాత్రం ఆ పేర్లు చిత్రాల మీద ధైర్యంగా రాసుకున్నారు. ఆ తుపాకీ దేవదూత వాళ్లను లొంగదీసుకున్న దొరా, వాళ్లను కాపాడే దేవుడి సైనికుడూ ఒకేసారి అయ్యాడు. చూస్తున్న స్థానికుడికి ఆ రెంటిలో ఏది ముందు కనిపించేదో ఊహించడం కష్టం.

నమ్మకం సడలిన కాలం

ఒక దేవదూతను చూపించండి, వేస్తాను అని 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే అన్నాడని ప్రతీతి. కంటికి కనిపించనిది గియ్యనన్నవాడికి దేవదూత పెద్ద అడ్డంకే. 1864లో మానే చనిపోయిన క్రీస్తు పక్కన నీలి రెక్కల దేవదూతల్ని వేస్తే జనం వెక్కిరించారు. ఆ చిత్రంలో క్రీస్తు నిజం శవంలా బరువుగా వాలి ఉంటాడు. అంత నిజమైన శవం పక్కన రెక్కలు నమ్మశక్యంగా నిలబడతాయా అన్నదే అసలు ప్రశ్న. లండన్‌లో రొసెట్టీ 1850కే తన గబ్రియేలుకు రెక్కలు తీసేసి పాదాల దగ్గర చిన్న మంటలు పెట్టాడు.

ఆడ దేవదూతలు ఎక్కువగా వచ్చింది కూడా ఈ శతాబ్దంలోనే. అంతకుముందు వాళ్లు యువకులో, ఆడా మగా తేలని రూపాలో. స్మశానాల్లో పాలరాతి దేవదూతలు, ఇంటి గోడల మీద పటాలు పెరిగేకొద్దీ ఆ పాత్ర స్త్రీకి వచ్చింది. అమెరికాలో అబట్ థేయర్ 1887లో తన పెద్ద కూతురు మేరీనే కూర్చోబెట్టి దేవదూతను వేశాడు. పక్షుల రంగులు వాటిని ఎలా దాస్తాయో ఏళ్ల తరబడి పరిశోధించినవాడు కాబట్టి ఆ రెక్కలు ఆయనకు అలంకారం కాదు. కూతురి ముఖం మాత్రం ఈ లోకపు పిల్లదే, కాస్త అలిసినట్టుంటుంది.

చిక్కుముడిని అందరికన్నా తెలివిగా విప్పింది హెన్రీ టానర్. ఈ ఆఫ్రికన్ అమెరికన్ చిత్రకారుడు పాలస్తీనా వెళ్లి వచ్చాక 1898లో వేసిన చిత్రం ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. నలిగిన దుప్పటి, మడత పడ్డ తివాచీ, మంచం అంచున కూర్చున్న ఒక మామూలు అమ్మాయి. ఎదురుగా గబ్రియేలు లేడు. నిలువుగా మండే ఒక వెలుగు స్తంభం ఉంది. ఎవరి దేహాన్నీ అరువు తీసుకోలేదు.

1903లో ఫిన్లాండ్ చిత్రకారుడు హ్యూగో సింబెర్గ్ వేసిన గాయపడ్డ దేవదూతను ఇద్దరు పిల్లలు కర్రల డోలీ మీద మోసుకెళ్తుంటారు. కళ్లకు కట్టు, రెక్క మీద రక్తం, చేతిలో తెల్ల పూలు. వెనక మోసే కుర్రాడు కోపంగా మనవైపే చూస్తాడు. అర్థం చెప్పడానికి సింబెర్గ్ ఇష్టపడలేదు. 2006లో ఫిన్లాండ్ జనం దాన్ని తమ జాతీయ చిత్రంగా ఓటు వేసి ఎన్నుకున్నారు. పౌల్ క్లే 1920లో గీసిన దేవదూతను రచయిత వాల్టర్ బెన్యమిన్ మరుసటి ఏడు కొనుక్కున్నాడు. దాని తెరిచిన నోట్లో, విప్పిన రెక్కల్లో, వెనక్కి చూస్తూ ముందుకు కొట్టుకుపోతున్న చరిత్రే కనిపిస్తోందని 1940లో రాశాడు. అదే ఏడు ఇద్దరూ చనిపోయారు. క్లే చర్మం బిగుసుకుపోయే జబ్బుతో ఉన్న చివరి రోజుల్లో పెన్సిల్ గీతలతో దేవదూతల్ని గీశాడు. వాళ్లలో మతిమరుపు దేవదూత ఒకరు. తల వంచుకుని, చేతులు ముడుచుకుని, ఇంకా నేర్చుకుంటున్నట్టు ఉంటుంది.

ఎర్నెస్ట్ బార్లాఖ్ 1927లో జర్మనీలోని గ్యూస్ట్రో చర్చి కోసం మొదటి ప్రపంచయుద్ధ స్మారకంగా ఒక కంచు దేవదూతను పోతపోశాడు. రెక్కలు లేవు. పొడుగు అంగీలో బోర్లా, నేలకు సమాంతరంగా, గొలుసుతో గాలిలో వేలాడుతుంది. చేతులు రొమ్ము మీద ముడుచుకున్నాయి, కళ్లు మూసుకున్నాయి. ముఖం శిల్పి కేథ కోల్విట్స్‌ది. అనుకుని చెయ్యలేదనీ, ఆమె ముఖం తనంతట తానే వచ్చి చేరిందనీ బార్లాఖ్ అన్నాడు. కోల్విట్స్ తన చిన్న కొడుకును 1914లో యుద్ధం మొదలైన కొద్ది నెలలకే పోగొట్టుకున్న తల్లి. యుద్ధ స్మారకమంటే వీరుడూ కత్తీ ఉండాలనుకునే నాజీలకు ఈ కళ్లు మూసుకున్న తల్లి ముఖం పనికిరాలేదు. 1937లో దించేశారు, తర్వాత కరిగించి యుద్ధానికి వాడుకున్నారు. మరుసటి ఏడే బార్లాఖ్ పోయాడు. స్నేహితులు రహస్యంగా పోయించిన రెండో ప్రతి ఒక పల్లెలో దాక్కుని బతికింది. 1952 నుంచి అది కొలోన్‌లోని చర్చిలో వేలాడుతోంది. దాని నుంచే ఇంకో ప్రతి తీసి 1953లో గ్యూస్ట్రోకు పంపారు. అప్పటికి ఆ రెండు ఊళ్లూ రెండు వేర్వేరు జర్మనీల్లో ఉన్నాయి. ఈ మొత్తం చరిత్రలో ఒక్క దేవదూతనే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఇంగ్లండ్‌లో గేట్స్‌హెడ్ దగ్గర, మూతబడ్డ బొగ్గు గని ఉన్నచోట, ఆంటొనీ గోర్మ్‌లీ 1998లో నిలబెట్టిన ఉక్కు దేవదూత ఎత్తు 20 మీటర్లు, రెక్కల వెడల్పు 54 మీటర్లు. దేహం శిల్పి సొంత ఒంటి అచ్చు నుంచి వచ్చింది. రెక్కలు విమానానివిలా తిన్నగా, కొద్దిగా ముందుకు వాలి ఉంటాయి. గాలి ఈ రెక్కల్ని పట్టి తోసేయకుండా పునాదిని భూమిలోకి ఇంచుమించు విగ్రహమంత లోతు దించాల్సి వచ్చింది. ఖర్చు దండగ, చూడ్డానికి బాగోలేదు అని మొదట్లో చుట్టుపక్కల జనం గట్టిగానే తిట్టారు. నిలబెట్టిన కొన్ని నెలలకే, ఫుట్‌బాల్ కప్ ఫైనల్ ముందు, న్యూకాసిల్ అభిమానులు తాళ్లూ గేలాలూ వేసి తమ హీరో అలన్ షియరర్ పేరున్న పెద్ద జెర్సీని ఆ దేవదూతకు తొడిగేశారు. పోలీసులు వచ్చి విప్పించేలోపే ఫొటోలు దేశమంతా పాకాయి.